ఈశాన్యం పెంచిన హాలు

పోటీకి 21 రోజులు

దీపాలు: వెలుగుతున్నాయి.
గాలి: ఆడుతోంది.
చాపలు: దులిపాం.
రన్‌వే సరిగ్గా ఉంది:

ఈ నాలుగో గడి ఇవాళ ఖాళీగా వదిలేశాను. పందొమ్మిదేళ్లుగా ఈ జిమ్నాస్టిక్స్ హాలు పుస్తకంలో రోజూ పొద్దున్నే ‘అవును, వకుళ’ అని రాసిన చెయ్యి ఇది. ఇవాళ రాయనని మొండికేసింది. ఎందుకో రాస్తాను. మర్యాదగా రాస్తానని మాత్రం మాటివ్వలేను.

పరిగెత్తుకొచ్చి చేతులు మోపి ఎగిరే వాల్ట్ టేబుల్ దగ్గర నేల చెక్కలు కిర్రుమంటున్నాయని నెల్లాళ్లుగా అర్జీలు పెడుతున్నాను. ఎవరూ రాలేదు. చివరికి నేనే గునపం తీసుకుని టేబుల్ దగ్గర మూడు చెక్కలు, పరుగు మొదలయ్యే చోట మూడు చెక్కలు లేపాను. కింద ఊరి ఇనప దూలం కనిపించింది. పరుగు మొదట్లో రన్‌వే ఎర్రగీత సరిగ్గా దూలం మీదే ఉంది. టేబుల్ దగ్గర అదే గీత దూలానికి తొమ్మిది అడుగులు పక్కన ఉంది. నమ్మలేక దారం కట్టి మళ్లీ కొలిచాను. తొమ్మిది అడుగులే.

అంతరిక్షంలో తిరిగే మా చక్రంలో పుట్టిన పిల్లలకి నడక రాకముందే తెలిసే సంగతి ఒకటుంది. ఊరు తిరుగుతుంది కాబట్టే మనకి బరువుంది. అది తిరిగే వైపుకి, అంటే వాలుకి, పరిగెత్తితే ఒళ్లు బరువెక్కుతుంది, ఎదురు పరిగెత్తితే తేలికవుతుంది. నీళ్ల డబ్బాలు మోసేవాళ్లు ఎదురు దిక్కున తప్ప అడుగు వెయ్యరు. ఇల్లు వెనక్కి నాలుగు గుమ్మాల దూరంలో ఉన్నా సరే, ఊరంతా చుట్టి వస్తారు. అందుకే వాల్ట్ రన్‌వే ఎదురూ కాకుండా, వాలూ కాకుండా, దూలం వెంట అడ్డంగా వెయ్యాలి. నియమాల పుస్తకంలో మొదటిది అదే.

మా రన్‌వే ఎదురుకి ఒరిగి ఉంది. తలుపు దగ్గర తూకం బల్లని ఊడదీసి రన్‌వే మధ్యలో పెట్టి, ఆగిన చోటే దూకాను, తర్వాత పరుగు మీద వచ్చి దూకాను. లెక్క తేలింది. యాభై కిలోల పిల్ల ఇక్కడ పూర్తి పరుగులో మూడు కిలోలు తగ్గుతుంది. ఆ మూడు కిలోలతో నేను నాలుగుసార్లు ఛాంపియన్‌ని అయ్యాను.

పోటీకి 20 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు.

అప్పలకొండ దగ్గరికి వెళ్లాను. ఇరవయ్యేడేళ్ల కింద ఈ హాలు కట్టినప్పుడు నేలా రంగులూ అన్నీ ఆయన చేతి మీదే జరిగాయి. ఇప్పుడు డెబ్భై దాటాయి. గుమ్మంలో కూచుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. దారం కొలత చెప్పగానే చెయ్యి ఆగిపోయింది.

“ఇన్నాళ్లకి అడిగినావా తల్లీ,” అన్నాడు.

“నీకు తెలుసా?”

“నాకెందుకు తెలీదు? గీసింది నానే కదా. ఆ పెద్దాయన, ఇప్పుడు సంగానికి పెద్దగా ఉన్న పరాంకుశం గారి నాన్న, హాలుకి ఈశాన్యం పెరగాలన్నాడు. పెరిగితేనే ఊరికి కలిసొస్తాదంట. గోడ తొమ్మిదడుగులు తోసేసినాం.”

గిర్రున తిరిగే ఊరు మాది. సూర్యుడు నిమిషానికి మూడుసార్లు కిటికీ దాటిపోతాడు. ఇక్కడ ఈశాన్యం ఎక్కడుంది? మొదట వచ్చినవాళ్లు ఒక గోడకి సుద్దముక్కతో ‘తూర్పు’ అని రాసుకున్నారు, దాన్ని పట్టుకుని మిగతా ఏడు దిక్కులూ పుట్టించారు. ఆ సుద్దగీత తూర్పుకి ఈశాన్యం పెంచడానికి గోడని వంకర చేశారు!

“గోడ వంకరైతే అయింది. గీత దూలం వెంట గియ్యొచ్చుగా?”

“గీత్తానన్నాను. గోడకీ గీతకీ మద్దిన సందు ముక్కోణంలాగ కనపడతాది, సూడ్డానికి బాగోదన్నాడాయన. గోడెంటే గియ్యమన్నాడు. నానేటి సేసేది? గీసీసినాను.”

“తర్వాతైనా నాతో చెప్పలేదేం?”

అప్పలకొండ వెల్లుల్లి వైపు చూస్తూ అన్నాడు: “నువ్వు గెలిసీసినావు కదా తల్లీ.”

ఇంటికి ఎదురుదారినే నడిచాను. ఒళ్లు తేలికవుతోందని గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయాను. ఒక్కసారిగా అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి వాలు వైపే వెళ్లాను, బరువుగా.

పోటీకి 18 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు.

పరాంకుశం మా క్రీడా సంఘానికి అధ్యక్షుడు. ఆయన గదిలో గోడంతా నా బొమ్మే. టేబుల్ మీద చేతులు మోపి లేచి, గాల్లో తలకిందులుగా ఉన్నాను, పందొమ్మిదేళ్ల పిల్లని. ఆ వాల్ట్‌కి నా పేరే పెట్టారు. చేతుల మీద లేచాక గాల్లో రెండు ముందు పల్టీలు, చివర అర మెలిక. నియమాల పుస్తకంలో దాని పేరు ‘వకుళ’. ఊళ్లో ఆడపిల్లలకి కూడా ఆ పేరు పెట్టారు. ఇప్పుడు చక్రంలో మేం పదకొండు మంది వకుళలం.

దారం, తూకం, అప్పలకొండ మాట, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని నవ్వాడు.

“చూశావా అమ్మా, నాన్నగారు ఊరికే చెప్పలేదు. ఈశాన్యం పెరిగాకే కదా మనకి నాలుగు పతకాలొచ్చాయి!”

కోపం నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

“మన పిల్ల ఇందీవర ఈసారి పోటీకి పక్క ఊరు, రెండో చక్రానికి, వెళ్తోంది. అక్కడ రన్‌వే సరిగ్గా దూలం మీద ఉంది. ఈ పోటీ మన ఊరు దాటడం ఇదే మొదలు. ఇక్కడ అలవాటైన ఎత్తు అక్కడ రాదు. రెండో పల్టీ పూర్తవకుండానే నేల వచ్చేస్తుంది. మెడ మీద పడుతుంది. అక్కడ అలా పడిన నీలోఫర్‌ని మర్చిపోయారా?”

“ఆ అమ్మాయికి తర్ఫీదు చాలలేదమ్మా. నువ్వే అన్నావుగా, రేడియోలో.”

అన్నాను. నేనే అన్నాను.

చివరికి ఆయన తేల్చింది ఇదీ. నేను ఒత్తిడిలో ఉన్నానట, కోచ్‌గా వెళ్లక్కర్లేదట. పోటీని ప్రారంభించే ‘తొలి పరుగు’కి మాత్రం రావాలట, పేరు అచ్చయిపోయింది కాబట్టి. టేబుల్ బోల్టులు విప్పి దూలం వెంట బిగించుకుంటానంటే, హాలులో మేకు ముట్టుకున్నా ఊరుకోనన్నాడు. సంఘానికి ఇప్పుడు ఊరి పరువు తప్ప ఇంకేం పట్టదు.

రెండో చక్రం వాళ్లకి నేరుగా ఉత్తరం రాశాను. గంటలో జవాబొచ్చింది: ‘మీ సంఘం ద్వారా పంపగలరు.’

పోటీకి 16 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు.

ఇందీవరకి పదిహేడేళ్లు. ఆరో ఏట నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ‘వకుళ’ పదిసార్లు చేస్తే ఎనిమిదిసార్లు నిలబడుతుంది. చేతులకి సుద్దపొడి పూసుకుంటుంటే పక్కన కూచుని మొత్తం చెప్పాను. లేపిన చెక్కలు చూపించాను. దూలం చూపించాను.

వంగి దూలాన్ని వేలితో తట్టింది. తర్వాత అడిగింది:

“మీకెప్పుడు తెలిసింది మేడమ్?”

“అయిదు రోజులైంది.”

“ఇరవయ్యేడేళ్లు తెలీలేదు. నా పేరు జాబితాలోకి వచ్చాక తెలిసిందా?”

“ఇందూ...”

“మీరు నాలుగుసార్లు నిలబడ్డారు. మీ బొమ్మ చూస్తూ పెరిగాను నేను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి రన్‌వే వంకరా? మీకు కుళ్లు మేడమ్. ఇంకేం కాదు.”

పిల్లని చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ వయసప్పుడు నాతో ఎవరైనా ఇదే చెప్తే నేనూ సరిగ్గా ఇదే అనేదాన్ని, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

“అక్కడ చిన్న వాల్ట్ చెయ్యి. ఒక్క పల్టీ. బతిమాలుతున్నాను.”

“చిన్న వాల్ట్‌కి పదకొండో స్థానం వస్తుంది. నేను ‘వకుళ’ చేస్తాను. మీరు చూసి ఓర్చుకోండి.”

పరిగెత్తి వెళ్లి నా కళ్ల ముందే చేసింది. గోడ వెంట, ఎదురుకి ఒరిగిన రన్‌వే మీద. నిలబడింది. నిలబడుతుంది మరి.

పోటీకి 15 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు.

మాటలు అయిపోయాయి. ఒళ్లే మిగిలింది.

నాకు నలభై మూడేళ్లు. రెండు మోకాళ్లలో ఒకటి నాది కాదు. ఎడమ మణికట్టులో రెండు మరలున్నాయి. అయినా పిల్లలకి చూపించడానికి వాల్ట్ ఎప్పుడూ మానలేదు. రెండో పల్టీ చేసి మాత్రం పందొమ్మిదేళ్లయింది. ఇవాళ స్పాంజి గుంటలోకి పదమూడుసార్లు దూకాను. పదమూడుసార్లూ బస్తాలా పడ్డాను.

రెండో చక్రంలో నేను ‘వకుళ’ చేసి పడితే ముసలితనం అంటారు. అందుకని ముందు ఇక్కడ నిలబడాలి. ఇందీవర చూస్తుండగా, ఒకసారి కాదు, అయిదుసార్లు. ఆ తర్వాత అక్కడ పడాలి.

పోటీకి 9 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు. (ఇది చదివేవాళ్లు ఎవరూ లేరని నాకు తెలుసు. ఉంటే ఈపాటికి నన్ను పిలిచి ఉండేవాళ్లు. పందొమ్మిదేళ్లు ‘అవును’ రాసినప్పుడూ చదవలేదు, పన్నెండు రోజులుగా ‘కాదు’ రాస్తున్నా చదవలేదు. ఈ గడి ఎందుకు పెట్టినట్టు?)

నడుముకి వేడి సంచి కట్టుకుని రాస్తున్నాను. ఇవాళ గుంటలో రెండు పల్టీలూ తిరిగాయి. మెలిక ఇంకా బద్ధకిస్తోంది.

నీలోఫర్ సంగతి రాయాలి. రాయకుండా ఈ పుస్తకం మూసేస్తే నేనూ పరాంకుశం ఒకటే. పదిహేడేళ్ల కింద రెండో చక్రం నుంచి వచ్చింది, పద్దెనిమిదేళ్ల పిల్ల. మా హాలులో నెల్లాళ్లు ఉండి ‘వకుళ’ నేర్చుకుంది. ఇక్కడ నిలబడింది, నా కళ్లతో చూశాను, చప్పట్లు కూడా కొట్టాను. వాళ్లూరు వెళ్లి వాళ్ల హాలులో చేసి మెడ మీద పడింది. ఇంక నడవలేదు. రేడియో వాళ్లు నన్ను అడిగితే, “ ‘వకుళ’ చెయ్యాలంటే వకుళ అయ్యుండాలి” అన్నాను. స్టూడియోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

ఇక్కడ నిలబడిన పిల్ల అక్కడెందుకు పడిందని మాలో ఒక్కరం, ఒక్కరమంటే ఒక్కరం, అడగలేదు.

పోటీకి 4 రోజులు

రన్‌వే సరిగ్గా ఉంది: కాదు.

నిలబడ్డాను. గుంటలోకి కాదు, గట్టి చాప మీద. ఇందీవర అటువైపు బ్యాలెన్స్ బీమ్ మీద ఉంది. చూడనట్టు నటిస్తూ చూసింది. రెండోసారి చేశాక దిగొచ్చింది. మూడోసారికి టేబుల్ పక్కన నించుంది. నాలుగు. అయిదు. అయిదోసారి ఒక అడుగు తూలాను, అంతే.

“ఎందుకు మేడమ్ ఇదంతా?” అంది. గొంతులో వెక్కిరింపు లేదు.

“ఎన్నిసార్లు నిలబడ్డాను?”

“అయిదు.”

“గుర్తుపెట్టుకో.”

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే ఇందులో కూడా కుళ్లే చూస్తుంది.

పోటీకి 1 రోజు, రెండో చక్రంలో

హాలు పుస్తకం వెంట తెచ్చుకున్నాను. నిబంధన ప్రకారం తేకూడదు. నిబంధనల సంగతి నాకు చెప్పొద్దు.

ఇక్కడి హాలులో గోడలు తిన్నగా ఉన్నాయి. దారంతో కొలిచాను. రన్‌వే దూలం మీద పోసినట్టుంది.

స్కోరు బల్ల దగ్గర నీలోఫర్ ఉంది. చక్రాల కుర్చీ, కళ్లద్దాలు, చేతికింద మీటల వరస. ఈ పోటీకి స్కోర్లు వేసేది ఆమే. నన్ను చూసి మొహంలో ఏ మార్పూ లేదు. ఎదురుగా నిలబడి చెప్పేశాను. గోడ సంగతి, గీత సంగతి, మూడు కిలోల సంగతి. చివర “నీకు చేతకాక కాదు” అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“పదిహేడేళ్లు నేను ఆ పరుగుని తలలో చూసుకుంటూనే ఉన్నాను వకుళ గారూ. ఎక్కడ తప్పు చేశానా అని. కాలు ముందు పడిందా, చెయ్యి ఆలస్యమైందా అని. మా అమ్మ చనిపోతూ కూడా అడిగింది, ఎలా తప్పిందే అని. మీరు ఇప్పుడొచ్చి గోడ వంకర అంటున్నారు.”

“అవును.”

“మిమ్మల్ని క్షమించమని అడగడానికి వచ్చారా?”

“కాదు. రేపు తొలి పరుగు నాది. చాపలు రెండు ఎక్కువ వేయించగలవా?”

ఆమె చూపు నా మోకాళ్ల మీదికి దిగింది. అర్థమైంది. రెండు పల్టీల వాల్ట్‌లో పడిన మనిషి కదా, ఆమెకి కాక ఇంకెవరికి అర్థమవుతుంది?

“నాలుగు వేయిస్తాను,” అంది.

పోటీ అయిన మూడో రోజు, ఆస్పత్రిలో

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడివైపు మెడ కింది ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. సర్దుకోండి.

తొలి పరుగంటే పాత ఛాంపియన్ రన్‌వే మీద నెమ్మదిగా పరిగెత్తుకొచ్చి, టేబుల్‌ని రెండు చేతులా తాకి, జనానికి దణ్ణం పెట్టడం. ఎప్పుడూ అంతే. పరాంకుశం ముందు వరసలో పట్టు కండువాతో కూచున్నాడు. ఇందీవర మిగతా పిల్లలతో పక్కన నించుంది. నేను చేతులకి సుద్దపొడి పూసుకోవడం మొదలుపెట్టగానే ఆ అమ్మాయి మొహం మారింది. తొలి పరుగుకి సుద్దపొడి అక్కర్లేదు.

ఇంట్లో చేసినట్టే చేశాను. అదే పరుగు, అవే పదిహేడు అడుగులు, స్ప్రింగ్ బోర్డు మీద అదే తొక్కు. చేతులు మోపి లేచాను. లేస్తూనే తెలిసిపోయింది. రోజూ నన్ను పైకెత్తే చెయ్యి ఏదో ఇవాళ రాలేదు. మొదటి పల్టీ అయింది. రెండోది తిరుగుతుండగా నేల కనిపించింది, ఉండకూడని చోట. ముందే తెలుసు కాబట్టి మెడ ముడిచి భుజం ఇచ్చాను. తెలియని పిల్లకి ఆ వ్యవధి ఉండదు.

చప్పుడు నాకే వినిపించింది. పడుకునే చూశాను. తొలి పరుగుకి స్కోరు వెయ్యరు. కానీ స్కోరు బోర్డు వెలిగింది. నీలోఫర్ వేసింది. వాల్ట్: వకుళ. స్కోరు: సున్న.

పరాంకుశం లేచి, “వయసైపోయిందండీ, వద్దన్నాం, వినలేదు” అని చుట్టూ ఉన్నవాళ్లతో గట్టిగా అంటున్నాడు. అప్పుడు ఇందీవర గొంతు వినిపించింది.

“లేదు. మా హాలులో అయిదుసార్లు నిలబడ్డారు. నేను లెక్కపెట్టాను.”

ఒకసారి కాదు, ఆయన కూచునేదాకా అదే మాట అంది. ఎవరూ ఆమెని ఆపలేదు.

నన్ను మంచం మీద బయటికి మోసుకెళ్తుంటే పోటీ మొదలైంది, మొదటి వంతు ఆమెదే. ఆపమన్నాను, ఆపారు. ఇందీవర ఒక్క పల్టీ వాల్ట్ చేసింది. పదేళ్లప్పుడు నేర్చుకున్నది. కాళ్లు రెండూ దగ్గరగా పెట్టి, చేతులు పైకెత్తి నిలబడింది. పదకొండో స్థానం వచ్చింది. సాయంత్రం ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూచుని ఏడ్చింది.

“నా పతకం పోయింది మేడమ్.”

“పోయింది.”

“మీ మీద కోపంగా ఉంది.”

“ఉండనీ. నా మీదే ఎందుకు, సరిపోయినంత మంది ఉన్నారు.”

ముక్కు చీదుకుంది. “మీ పేరు కూడా పోయింది,” అంది.

“పదకొండు మంది వకుళలున్నారు. వాళ్లు చూసుకుంటారు.”

ఇరవై రోజుల తర్వాత, మా హాలు

ఇవాళే ఊరు చేరాను. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. సంఘం ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. నన్ను తీసేశారు. గోడ గురించి అందులో ఒక్క ముక్క లేదు. విచారణ సంఘం వేస్తారట. పరాంకుశమే అధ్యక్షుడట. చదివి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.

హాలు పుస్తకం తిరిగి పెట్టేద్దామని వెళ్తే తలుపు తీసే ఉంది. పచ్చి రంగు వాసన. అప్పలకొండ నేల మీద బాసింపట్టు వేసుకుని, దూలం వెంట దారం లాగి పట్టుకున్నాడు. ఇందీవర బోర్లా పడుకుని ఆ దారం పక్కన ఎర్రగీత గీస్తోంది. మోచేతుల దాకా రంగే. టేబుల్ బోల్టులు విప్పి కొత్త చోట బిగించేశారు. పాత గీతని గీకేశారు. గోడకీ కొత్త గీతకీ మధ్య ముక్కోణం సందు పడింది. చూడ్డానికి నిజంగానే బాగోలేదు.

“ఎవర్నడిగి చేశారు?” అన్నాను.

“ఎవుల్నీ అడగలేదు తల్లీ,” అన్నాడు అప్పలకొండ. “అప్పుడు అడిగినందుకే ఇదంతా.”

ఇందీవర లేచింది. “నిన్న టేపు అంటించి దీని మీద ‘వకుళ’ చేసి చూశాను మేడమ్. గుంటలోకేలెండి, అలా చూడకండి. ఆరుసార్లు.”

“ఏమైంది?”

“ఆరుసార్లూ పావు చుట్టు తక్కువొచ్చింది.” మెడ వెనక రుద్దుకుంది. “ఆరుసార్లూ తలే ముందు తగిలింది.”

ఎడమచేత్తో ఆమె తల నిమిరాను. ఎర్రరంగు నా కట్టుకీ అంటుకుంది.

పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. పెన్ను అందుకుని, ముందు దారం దగ్గరికి వెళ్లింది. రెండు చివరలా, మధ్యలోనూ తనే కొలిచింది. వచ్చి రాసింది.

దీపాలు: వెలుగుతున్నాయి.
గాలి: ఆడుతోంది.
చాపలు: దులపాలి.
రన్‌వే సరిగ్గా ఉంది: అవును. కొలిచాను. ఇందీవర.